బస్తర్ ఇత్తడి: పాతదెంత, పాతబరిచిందెంత

బస్తర్ ఢోక్రా బొమ్మను చేతికిస్తూ అమ్మేవాళ్లు చెప్పే మొదటి మాట ఢిల్లీలోనైనా హైదరాబాద్‌లోనైనా ఒకటే: ఇది నాలుగు వేల ఏళ్ల నాటిది. అందులో కొంత నిజం లేకపోలేదు. మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి కప్పి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలోకి లోహం పోసే ఢోక్రా పద్ధతి అంత పాతదే. 1926లో మొహెంజోదారోలో దొరికిన పదిన్నర సెంటీమీటర్ల నాట్యగత్తె బొమ్మను ఆ పద్ధతిలోనే పోశారు. అయితే పద్ధతి వయసును బొమ్మ వయసుగా చలామణీ చేయడంలోనే ఈ వ్యాపారపు కిటుకంతా ఉంది. ఆవకాయ పెట్టే తీరు ముత్తవ్వల నాటిదే కావచ్చు, జాడీలో ఉన్నది మాత్రం మొన్నటి వేసవిదే.

పాతదా, పాతదాన్ని చూసి చేసిందా అని తేల్చడం వేరే వస్తువుల విషయంలో కొంత సులువు. అచ్చులో నొక్కి చేసే గాజు గిన్నెల సంగతి చూడండి. 1820ల నుంచి అమెరికాలో వాటిని విరివిగా తయారుచేశారు. గిన్నెలు పగిలిపోయినా అచ్చులు మిగిలాయి, చేతులు మారాయి. ఒహాయోలోని హైసీ కంపెనీ 1957లో మూతపడితే, దాని అచ్చులను మరుసటి ఏడాది ఇంపీరియల్ అనే కంపెనీ కొనుక్కుని కొన్ని గిన్నెలను మళ్లీ తీసింది. అక్కడ పరీక్షకు ఒక ఆధారం ఉంది. అచ్చు ఒక్కటే కాబట్టి పాత గిన్నెనూ కొత్త గిన్నెనూ పక్కపక్కన పెట్టి గీత మొద్దుబారిందా, రంగు మారిందా, అడుగున కంపెనీ గుర్తు ఉందా అని చూసుకోవచ్చు. బస్తర్‌లో అచ్చు ఒక్క పోతకే పనికొస్తుంది. మట్టిని పగలగొడితేగాని బొమ్మ బయటకు రాదు. ఒకే చేత్తో ఒకే రోజు చేసిన రెండు గుర్రాలు కూడా అచ్చంగా ఒకలా ఉండవు.

దీంతో ప్రశ్నే మారిపోతుంది. తాత పోసిన మావ్లీ మాత బొమ్మను చూసి మనవడు అదే కొలతలో, అదే భక్తితో మరోటి పోస్తే దాన్ని నకలు అనలేం. అది ఆ కులవృత్తి సాగే తీరు. అదే బొమ్మను పేడకుప్పలో పాతి, పొగబెట్టి, నూరేళ్ల నాటిదని అమ్మితే మోసం. బస్తర్ ఇత్తడిలో ఆకారాన్ని ఎవరూ దొంగిలించరు, వయసును దొంగిలిస్తారు. కాబట్టి ఆకారం చూసి పాతదని చెప్పే పుస్తకాలనూ, దుకాణదారులనూ, వేలంపాట జాబితాలనూ నేను పెద్దగా నమ్మను. మరి దేన్ని ఎంత నమ్మాలి?

ముందు పని తీరు చూడాలి. ఎందుకంటే వయసు చెప్పగల సాక్ష్యాలు చాలావరకు అందులోనే ఉన్నాయి. కొండగావ్, జగదల్‌పూర్ చుట్టుపక్కల ఈ పోతపని చేసేవాళ్లను ఘడ్వాలంటారు. మొదట ఊక కలిపిన మట్టితో లోపలి రూపం చేస్తారు. అది ఆరాక సన్నటి మట్టి పూస్తారు. ఆ పూత మీద పచ్చి చిక్కుడాకు పెట్టి రుద్దుతారు. ఆకు పసరు మట్టి గరుకును కప్పి, మైనం అంటుకునేలా చేస్తుంది. తేనెమైనంలో గుగ్గిలం, కొంచెం నూనె కలిపి కాచి వడగడతారు. చిల్లుబిళ్ల అమర్చిన గొట్టంలో ఆ ముద్దను పెట్టి నొక్కితే సన్నటి దారాలు దిగుతాయి. ఆ దారాన్ని మట్టిరూపం మీద పక్కపక్కనే, సందు లేకుండా చుట్టుకుంటూ పోతారు. కళ్లు, పెదాలు, నగలు, గుర్రం జూలు, జీను అన్నీ మైనపు దారాలు, బిళ్లలు, ఉండలే. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన ఊక కలిపిన ముతక మట్టి కప్పి, లోహం దిగడానికి ఒక దారి వదులుతారు. కొలిమిలో పెడితే మైనం కరిగి కాలిపోతుంది. మూసలో కరిగిన ఇత్తడి, తొమ్మిది వందల డిగ్రీలు దాటిన వేడితో, ఆ ఖాళీలోకి దిగుతుంది. చల్లారాక పై మట్టి పగలగొట్టి, ఆకురాయితో అంచులు సాపు చేస్తారు. లోపలి మట్టి చాలా బొమ్మల్లో అలాగే ఉండిపోతుంది.

ఆ లోపలి మట్టిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఇక చరిత్ర. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఘడ్వాకు గిరాకీ ఊళ్ల నుంచే. అక్కడి గిరిజనులైన మురియాలు, మాడియాలు, హల్బాలు తమ దేవతల బొమ్మలు, మొక్కుబడి గుర్రాలు, ఏనుగులు, గంటలు, గజ్జెలు, కడియాలు, దీపాలు, గింజల కొలపాత్రలు చేయించుకునేవారు. ఇంట్లో పగిలిన గిన్నె, విరిగిన గంట ఇస్తే దాన్నే కరిగించి పోసిపెట్టేవాళ్లు. ఈ ఒక్క సంగతి ‘పాత’ అన్న మాటను ఇరుకున పెడుతుంది. లోహం తాతలనాటిది, రూపం నిన్నటిది కావచ్చు. అరిగిన దేవత మళ్లీ కొలిమికెక్కి కొత్త దేవతయ్యాక ఆవిడ వయసును ఏ లెక్కన కట్టాలి? ఆ పాత బొమ్మ మ్యూజియానికి మిగలదు కూడా. బస్తర్ ఇత్తడి బొమ్మల మ్యూజియం చీటీల మీద పంతొమ్మిదో శతాబ్దం, ఇరవయ్యో శతాబ్దం అనే ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

బయటివాళ్లు ఈ సీమను పుస్తకాలకెక్కించడం మొదలైంది సంస్థానం రోజుల్లోనే. డబ్ల్యు.వి. గ్రిగ్సన్ బస్తర్ మాడియా గోండుల మీద రాసిన పుస్తకం 1938లో వచ్చింది. వెరియర్ ఎల్విన్ మురియాల యువజన నివాసమైన ఘోటుల్ మీద 1947లోనూ, మధ్య భారత గిరిజన కళ మీద 1951లోనూ ప్రచురించాడు. ఆ తర్వాతే గిరాకీ దిక్కు మారింది. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. 1960లలో కలకత్తా శిల్పి మీరా ముఖర్జీ బస్తర్ వచ్చి ఘడ్వాల దగ్గర కూర్చుని పోతపని నేర్చుకుంది. దేశమంతా తిరిగి లోహకారుల మీద ఆమె రాసిన పుస్తకాన్ని 1978లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రచురించింది. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచినప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ బస్తర్ పనిని ఆధునిక చిత్రాల సరసన నిలబెట్టాడు. కొండగావ్ నుంచి జైదేవ్ బఘేల్ లాంటి కళాకారులు జాతీయ పురస్కారాలు అందుకుని విదేశాల్లో పోతపోసి చూపించారు. 2008లో బస్తర్ ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ తారీఖులు ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. దుకాణాల్లో ‘పాతది’ అని చూపించే వాటిలో అత్యధికం ఈ మార్పు తర్వాతివే. ఆ సంగతి కొన్నిసార్లు బొమ్మే చెప్పేస్తుంది. గోడకు తగిలించే పలకలు, కలందానులు, తాళాలు వేలాడదీసే కొయ్యల స్థానంలో ఇత్తడి కొక్కేలు, బుద్ధుడి తల, మనిషి ఎత్తు మాడియా జంట: ఇవి ఏ మురియా ఇంటి దేవుడి మూలకూ చెందవు. పట్నం ఇంటి ముందుగది కోసం పుట్టినవి. ఝిట్కు మిట్కీ జంట అంతకంటే చిక్కైన ఉదాహరణ. చెరువు కట్ట నిలవడం లేదని మిట్కీ అన్నలు ఆమె ప్రియుడు ఝిట్కును బలిచ్చారనీ, అతని వెంటే ఆమె కూడా పోయిందనీ బస్తర్ కథ. ఆ జంటను జనం ఇప్పటికీ కొలుస్తారు. బుట్ట మోస్తున్న మిట్కీ గప్పాదేవి అయింది. కాబట్టి ఆ రూపం మొక్కుబడికీ పోస్తారు, అమ్మకానికీ పోస్తారు. విషయాన్ని బట్టి వయసు కట్టేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

కొలత కొంచెం మెరుగైన సాక్షి. ఇంటి దేవతల బొమ్మలు చిన్నవి, చాలామటుకు జానెడు లోపే. పండగకో జాతరకో తీసి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ బుట్టలోనో పెట్టెలోనో దాచేవి. కొన్నిటికి కర్ర దూర్చడానికి గొట్టంలాంటి అడుగు, దారం కట్టుకోవడానికి కొక్కెం ఉంటాయి. అలాంటి వాడకపు గుర్తు ఉండి, ఆ గుర్తు దగ్గరే అరుగుదల కూడా ఉంటే బొమ్మ కొంతకాలమైనా పనిచేసిందని అర్థం. కొక్కెం ఉండి, దాని లోపలి వంపు పదునుగా, కొత్తగా ఉంటే ఆ కొక్కేనికి ఎవరూ ఎప్పుడూ దారం కట్టలేదు.

నా దృష్టిలో కంటితో చేయగల పరీక్షల్లో అరుగుదలను మించింది లేదు. పదిరెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం చాలు. బస్తర్ బొమ్మ ఒంటినిండా మైనపు దారాల గట్లు ఉంటాయి కదా, వాటిని చూడండి. చేతులు మారి అరిగిన గుర్రానికి పట్టుకునే చోటే, అంటే పొట్ట కింద, రౌతు వీపు మీద, గట్లు చదునై పక్క గట్టులో కలిసిపోయి ఉంటాయి. చెవుల సందులో, కాళ్ల మధ్య, జీను కింద దారం పోసిన రోజున ఉన్నట్టే నిలబడి ఉంటుంది. భూతద్దంలో గీతలు అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పోతాయి. మోటారు చక్రం మీద మెరుగుపెట్టిన బొమ్మలో అలా కాదు. ఎత్తుగా ఉన్న గట్లన్నీ, చేయి పోయే చోటా పోని చోటా, ఒకే మోతాదులో తళతళలాడతాయి. గీతలు ఒకే దిక్కుకు బారులు తీరి ఉంటాయి. పల్లాల్లో మాత్రం నల్లరంగు కదలకుండా కూర్చుంటుంది. ఎత్తు మెరిసి, పల్లం నల్లబడ్డ ఆ రూపాన్నే చాలామంది పాతదనం అనుకుంటారు. అది దుకాణం పాతదనం.

అరుగుదలనూ కృత్రిమంగా తేవచ్చు. అయితే మనిషి చేయి ఎక్కడ పడుతుందో ఆలోచించి ఒక్కో బొమ్మను తీరిగ్గా అరగదీయడం గిట్టుబాటు కాదు. మోసానికీ కూలి లెక్క ఉంటుంది మరి.

చిలుము మాట వేరు, దాన్ని తెప్పించడం చాలా తేలిక. తడి పేడలో, ఉప్పుమట్టిలో కొన్ని వారాలు పాతిపెట్టినా, ఆమ్లం పూసినా, అమ్మోనియా ఆవిరి పట్టినా ఇత్తడి పచ్చబడుతుంది. గంధకపు మందు నల్లరంగు ఇస్తుంది. బూట్ల పాలిష్ కూడా పల్లాల్లో బాగా నిలుస్తుంది. వీటిని పట్టుకోవడానికి చిన్న చిట్కాలు ఉన్నాయి. దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దితే పాలిష్ ఊడివస్తుంది. సూది మొనతో గీకితే తొందరపాటు చిలుము పొడిగా రాలుతుంది. ఏళ్ల తరబడి పట్టిన చిలుము లోహాన్ని కరిచి పట్టుకుంటుంది, కింద ఎర్రటి రాగి పొర కనిపిస్తుంది. కానీ పూజలో ఉన్న బొమ్మకు చిలుము ఎక్కువగా ఉండాలన్న నియమమే లేదు. ఏటేటా చింతపండు పెట్టి తోమితే ఎక్కడి చిలుము? నిజంగా పూజలందుకున్న బొమ్మ పల్లాల్లో ఉండేది నూనె, నెయ్యి, సిందూరం, పసుపు, పొగ పొరలుపొరలుగా గట్టిపడిన జిడ్డు. ఆ పొరల వరస చూడాలి. పైపైన ఒక్క పొర సిందూరం, దాని కింద మెరిసే ఇత్తడి ఉంటే ఆ సిందూరం అమ్మకం కోసం పెట్టిందే. కొన్నాక ఇంటికి తెచ్చి తోమేసేవాళ్లు ఉన్న కొద్దిపాటి సాక్ష్యాన్నీ కడిగేస్తున్నారని మాత్రం చెప్పాలి.

మోగించి చూడటం, తూకం వేయడం, అయస్కాంతం పెట్టడం. వీటితో ఇత్తడా కాదా అని తెలుస్తుంది. ఇత్తడి రంగు పూసిన ఇనుమునూ, రాగిపొడి కలిపిన రెజిన్ బొమ్మలనూ, ఇసుక అచ్చులో పోసిన వాటినీ ఇవి పట్టిస్తాయి. రెండు ముక్కలు కలిసిన గీత నిలువునా కనిపిస్తే, లేదా అరలో ఉన్న నాలుగు ఏనుగుల తొండాలకూ ఒకే చోట ఒకే సొట్ట ఉంటే, అవి రబ్బరు అచ్చులో తీసిన మైనం నుంచో ఇసుక నుంచో వచ్చాయి. వయసు విషయంలో ఈ పరీక్షలు నోరు విప్పవు.

లోహాన్ని విశ్లేషిస్తే తేలుతుందని చాలామంది నమ్మకం. ఎక్స్‌రే తుపాకీ లాంటి చేతిపరికరం పెడితే నిమిషంలో రాగి, తుత్తునాగం, తగరం, సీసం పాళ్లు చెప్పేస్తుంది. యూరప్ ఇత్తళ్ల విషయంలో ఒక లెక్క ఉంది. పాత పద్ధతిలో రాగితో తుత్తునాగపు ఖనిజాన్ని కలిపి కాల్చితే ఇత్తడిలో తుత్తునాగం దాదాపు మూడో వంతును మించదు. మించితే అది లోహరూపంలోని తుత్తునాగం కలిపిన తర్వాతి కాలం ఇత్తడి. ఆ లెక్క ఇక్కడ చెల్లదు. రాజస్థాన్‌లోని జావర్‌లో మధ్యయుగాల్లోనే తుత్తునాగాన్ని బట్టీపెట్టి లోహంగా తీశారు. పైగా ఘడ్వా కొలిమిలోకి వెళ్లేది తుక్కు. పాత బిందె, కుళాయి ముక్క, విరిగిన గంట ఒకే మూసలో కరుగుతాయి. మరలకు వాడే ఇత్తడిలో తరగడం తేలిక కావడానికి రెండు మూడు శాతం సీసం కలుపుతారు కాబట్టి సీసం కనిపిస్తే కొత్తదని కొందరంటారు. పాత పోతల్లోనూ సీసం ఉండేది. పైగా ఆ పరికరం చదివేది పైపొరనే, చిలుము పట్టిన చోట తుత్తునాగం తగ్గి రాగి ఎక్కువ చూపిస్తుంది. నమ్మదగిన అంకెల పట్టిక చేతిలో పెట్టి, ఏమీ తేల్చని పరీక్ష ఇది. ‘బెల్ మెటల్’ అని చీటీ ఉన్న బొమ్మలు చాలావరకు ఇత్తడివే, కంచువి కావు అన్న సంగతి మాత్రం దీనితో తేలుతుంది. కంచుకు ఐదింట ఒక వంతుకు పైగా తగరం కావాలి. తగరం ధర తెలిసినవాళ్లకు అంత తగరం ఎవరూ పోయరని తెలుసు.

ఇప్పుడు లోపలి మట్టి దగ్గరికి వద్దాం. మట్టిలోని స్ఫటిక రేణువులు చుట్టూ ఉన్న రేడియోధార్మికతను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దాచుకుంటాయి. బాగా వేడి చేస్తే దాచిందంతా వెలుగుగా వదిలేసి, లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. పోతపోసిన రోజు కొలిమి వేడి ఆ పని చేస్తుంది. తర్వాత ఎప్పుడైనా చిటికెడు మట్టి తీసి ప్రయోగశాలలో వేడిచేసి ఆ వెలుగును కొలిస్తే, పోత ఎంతకాలం కిందటిదో అంచనా కట్టవచ్చు. చైనా, ఆఫ్రికా కంచు బొమ్మల మీద ఈ పరీక్ష చాలాకాలంగా చేస్తున్నారు. నైజీరియాలోని బెనిన్ నగరం దీనికి మంచి ఉదాహరణ. 1897లో బ్రిటిష్ సేన అక్కడి రాజభవనాన్ని దోచి వేలాది ఇత్తడి పలకలు, తలలు పట్టుకుపోయింది. అవే రూపాలను అదే మైనపు పద్ధతిలో ఆ నగరంలోని ఇగున్ వీధిలో ఇప్పటికీ పోస్తున్నారు. వాటిలో కొన్ని పాతబడిన వేషంతో వేలంపాటలకు చేరుతుంటాయి. అక్కడ ఐదారు వందల ఏళ్లకూ యాభై ఏళ్లకూ తేడా తేల్చాలి కాబట్టి లోపలి మట్టి పరీక్ష పనికొస్తుంది. బస్తర్‌లో తేల్చాల్సింది నూట ఇరవై ఏళ్లకూ అరవై ఏళ్లకూ మధ్య. లెక్కలో అయిదో వంతు అటూఇటూ పోయినా, అంత తక్కువ కాలంలో కూడిన వెలుగే కొంచెం కాబట్టి ఫలితం మసకబారుతుంది. మూడు వందల ఏళ్లదని చెప్పిన బొమ్మ నలభై ఏళ్లదని మాత్రం ధీమాగా చెప్పగలదు. ఒకసారి ఇల్లు కాలి బొమ్మ నిప్పుల్లో పడితే లెక్క మళ్లీ సున్నాకొస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

అంతకంటే పదునైన సాక్షి ఆ మట్టిలోని ఊక. 1950లలో, 60లలో అగ్రరాజ్యాలు గాలిలో అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. దాంతో వాతావరణంలో రేడియోకార్బన్ ఒక్కసారిగా పెరిగి, 1960ల మధ్యలో శిఖరానికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ కాలంలో పండిన ప్రతి వరికంకిలోనూ ఆ గుర్తు ఉంది. వరి ఏటేటా పండేది కాబట్టి ఊక వయసూ పోత వయసూ దాదాపు ఒకటే. బొమ్మ కడుపులో గాలి తగలక బొగ్గుగా మిగిలిన ఊక ముక్క ఒకటి దొరికితే, అది 1950ల మధ్యకు ముందు పండిందా తర్వాత పండిందా అని చెప్పేయవచ్చు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సెలరేటర్ సెంటర్‌లో మిల్లీగ్రాముల పదార్థంతో రేడియోకార్బన్ కొలిచే యంత్రం ఉంది. మన ప్రశ్నకు సరిగ్గా అతికే పరీక్ష ఇదే, ఎందుకంటే బస్తర్ బొమ్మల గిరాకీ ఊరి నుంచి పట్నానికి మళ్లిన కాలమూ ఆ బాంబుల కాలమూ ఒకటే. అంతకు ముందరి మూడు శతాబ్దాల విషయంలో మాత్రం రేడియోకార్బన్ తికమకగా ఉంటుంది. 1700 అనీ 1900 అనీ ఒకే కొలతకు రెండు జవాబులు రావచ్చు. పాతదని నిరూపించడంకన్నా, పాతది కాదని నిరూపించడానికే అది పనికొస్తుంది. మామూలు కొనుగోలుదారు ఇంత దూరం వెళ్లడు, బొమ్మ ధరకంటే పరీక్ష ఖర్చే ఎక్కువ కావచ్చు. కానీ లక్షలు పలికే వస్తువుకు ధ్రువపత్రం ఇచ్చేవాళ్లు ఆ మట్టిని గీకి చూడకుండానే సంతకం పెడితే ఎందుకని అడగాలి.

ప్రయోగశాల అక్కర్లేని సాక్ష్యం ఒకటుంది, కాగితం. అడుగున అంటించిన చీటీ మీద మృగనయని అని ఉంటే అది మధ్యప్రదేశ్ ప్రభుత్వ దుకాణం. శబరి అని ఉంటే ఛత్తీస్‌గఢ్‌ది, అంటే 2000 నవంబరులో ఆ రాష్ట్రం ఏర్పడిన తర్వాతిది. చీటీ లేకపోయినా దాని జిగురు మరక ఉంటుంది. మ్యూజియాల చేర్పు పుస్తకాలు ఇంకా విలువైనవి. జగదల్‌పూర్‌లోని మానవశాస్త్ర మ్యూజియం, భోపాల్‌లోని మానవ సంగ్రహాలయ, భారత్ భవన్, ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియం. ఇలాంటి చోట్ల వస్తువు ఏ ఏడు చేరిందో రాసి ఉంటుంది. అది పోత తేదీ కాదు, కానీ దానికంటే తర్వాతిది కాదని తెలుస్తుంది. ఎల్విన్ పుస్తకంలోని ఫొటోలో ఉన్న బొమ్మ 1951కి ముందుది. పోలికకు గట్టి రాళ్లు ఇవే. దుకాణంలో ఉన్న బొమ్మను వీటి పక్కన పెట్టి చూడకుండా ‘పందొమ్మిదో శతాబ్దం’ అని రాసేయడం దబాయింపు.

చట్టం కూడా తెలియకుండానే ఒక పరీక్ష పెట్టింది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన లోహ శిల్పం పురావస్తువు. అలాంటివాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. వాటిని దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తికి లేదు. బొమ్మను బయటికి పంపాలంటే అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి పత్రం తెచ్చుకోవాలి. కాబట్టి ‘నూటయాభై ఏళ్లది, కావాలంటే అమెరికాలో మీ అబ్బాయికి పంపిస్తాం’ అనేవాడు ఒకే వాక్యంలో రెండు మాటలు చెబుతున్నాడు. వాటిలో ఒకటి అబద్ధం, లేదా రెండోది నేరం. నిజంగా పాతదైతే మరో ప్రశ్న కూడా ఉంది: ఏ ఇంటి దేవుడి మూల నుంచి, ఏ గుడి నుంచి, ఎవరి అనుమతితో వచ్చింది? దేవతను అమ్ముకునే కుటుంబాలు అరుదు. దొంగిలించిన దేవత దుకాణంలో చాలా పాతగా, చాలా అందంగా కనిపిస్తుంది.

తెలుగు కొనుగోలుదారుకు ఇంకో ఎర కూడా వేస్తారు, కాకతీయుల పేరుతో. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం నిలబెట్టాడని ఆ రాజవంశం చెప్పుకునే చరిత్ర. దంతేశ్వరి ఆ వంశానికి ఇలవేల్పు. అక్కడి బార్సూర్‌లో తెలుగు శాసనమూ ఉంది. బస్తర్ దేవతల వరసలో తెలంగిన్ మాత అనే తల్లి కూడా ఉంది. ఇన్ని బంధుత్వాలున్నాయి కాబట్టి ‘కాకతీయుల నాటి ఇత్తడి’ అంటే మనవాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది. రాజవంశానికి ఉన్న చరిత్రను చేతిలోని గుర్రానికి అంటగట్టడం మొదట చెప్పిన మొహెంజోదారో కిటుకే, ఊరు మాత్రం దగ్గరైంది.

మన గడపలోనే ఉన్న ఢోక్రా సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఉమ్మడి ఆదిలాబాద్‌లో జైనూర్ మండలం ఉషేగావ్ వైపు వోజారులు గోండు దేవరల కోసం, పండగల కోసం ఇదే మైనపు పద్ధతిలో ఇత్తడి పోస్తున్నారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ అరల్లో రెండు సీమల బొమ్మలూ పక్కపక్కనే కూర్చుంటాయి, పేరు మోసిన బస్తర్ చీటీ అమ్మకానికి తేలిక. ఎక్కడిది అన్న ప్రశ్న, ఎప్పటిది అన్న ప్రశ్నకంటే ముందు అడగాల్సింది.

ఈ పాతదనపు వేటలో ఎక్కువగా నష్టపోయింది 1960ల నుంచి 80ల దాకా పోసిన బొమ్మలు. కొనేవాళ్లు వాటిని ‘తర్వాతివి’ అని చిన్నచూపు చూస్తే, అమ్మేవాళ్లు చీటీ గీకి, మసి పూసి, నూరేళ్లవాటిలో కలిపేస్తున్నారు. మీరా ముఖర్జీ పక్కన కూర్చుని మైనం చుట్టిన చేతులు ఆ తరానివే. అప్పట్లో బొమ్మ మీద పేరు చెక్కే అలవాటు లేదు. ఎవరు చేశారన్నది చీటీలోనో, రసీదులోనో, మ్యూజియం పుస్తకంలోనో ఉంటే ఉంది, లేకపోతే లేదు. చట్టం లెక్కలో అవి పురావస్తువులయ్యేది 2060ల నుంచే. అలాంటి బొమ్మ మీ ఇంట్లో ఉంటే తోమకండి, అడుగున ఉన్న చీటీ పీకకండి. కొన్న ఏడు, ఊరు, చేసినవారి పేరు తెలిస్తే ఒక కాగితం మీద రాసి దాని కిందే పెట్టండి.